ఆల్బనీ వైద్యుడు చూచిన నెత్తురు

న్యూయార్కు రాష్ట్రమునకు రాజధానియైన ఆల్బనీ నగరమునందు, 1920 ప్రాంతమున, జాన్ సాంప్సన్ అను స్త్రీరోగ శస్త్రవైద్యుడు తోడివైద్యులు సాధారణముగా తప్పించుకొను దినములనే ఏరికోరి శస్త్రచికిత్సకు పెట్టుకొనుచుండెను. అత్యవసరమైననే తప్ప ముట్టులోనున్న స్త్రీ కడుపు తెరవకుండుటకే ఆనాటి శస్త్రవైద్యులు ఇష్టపడెడివారు. ఆ నాలుగు దినములు గడచి, ఒంటిలో అంతయు సద్దుమణగిన పిదపనే రోగి బల్లమీదికి వచ్చెడిది. అందువలన, గర్భాశయము తన నెలసరి పనియందు నిమగ్నమై యున్నప్పుడు దాని చుట్టుపట్ల ఏమి జరుగుచుండునో కన్నులార చూచినవారు మిక్కిలి అరుదు. సాంప్సన్ ఆ సమయముననే చూడదలచెను. ఎండోమెట్రియోసిస్ అని నేడు లోకమంతట పిలువబడుచున్న వ్యాధినిగూర్చిన విజ్ఞానమంతయు ఈ యొక్క నిర్ణయమునుండి పుట్టినదనుట అతిశయోక్తి కావచ్చును గాని, దాని వెన్నెముక మాత్రము అక్కడనే ఏర్పడినది.

ఆయన చూచినది ఇది. గర్భాశయమునకు ఇరుప్రక్కలనుండు నాళముల కొసలనుండి ముట్టునెత్తురు బొట్లుబొట్లుగా ఉదరకుహరములోనికి జారుచుండెను. బయటికి పోవలసినది కొంత వెనుకకు మరలి లోనికి పోవుచుండెనన్నమాట. కొందరి అండాశయములమీద చిక్కని గోధుమరంగు ద్రవముతో నిండిన తిత్తులుండెను. ఆ ద్రవము నెలనెలకు లోపల స్రవించి, బయటికి త్రోవ దొరకక, నిలువయుండి ముదిరిన నెత్తురే. దాని వన్నెనుబట్టి వానికి చాకొలెట్ తిత్తులను పేరు నిలిచిపోయినది. తిత్తి ఎక్కడనో చిరిగి, దానినుండి వెడలిన పదార్థము పడినచోటనెల్ల అంటుకొని, ప్రేవును గర్భాశయపు వెనుకతట్టును ఒకదానితోనొకటి బంధించియుండెను. అట్లంటుకొన్న తావులయందు ఆవగింజలంతేసి మచ్చలు. వానిని కోసి సూక్ష్మదర్శినిక్రింద పెట్టగా గర్భాశయపు లోపొరలోనుండు గ్రంథులే, ఆ గ్రంథులచుట్టు నుండు మెత్తని కణజాలమే కనబడెను. అంతియకాదు, ముట్టుకాలమున కోసి తీసిన మచ్చలలో ఆ కణజాలము పరాయిచోటనుండియు తన కాలము మరువక రక్తస్రావము చేయుచుండెను. 1921లో ఆర్కైవ్స్ ఆఫ్ సర్జరీ పత్రికయందు చిరిగిన రక్తపుతిత్తులనుగూర్చి వ్రాసిన దీర్ఘవ్యాసముతో మొదలుపెట్టి, 1927 నాటికి ఆయన తన సిద్ధాంతమును సంపూర్ణముగా ప్రకటించెను: వెనుకకు మరలిన ముట్టునెత్తురుతోపాటు లోపొర తునుకలు ఉదరములోనికి చేరి, పడినచోట నాటుకొని, పెరిగి, మాసమాసము గర్భాశయముతోపాటే నెత్తురోడుచున్నవని. వ్యాధికి ఇప్పటి పేరును ఆ సంవత్సరములలోనే ఆయన వాడుకలోనికి తెచ్చెను.

ముట్టుదినములనుండి చూపు తప్పించు ఆచారము మన తెలుగిండ్లలో మరింత బలముగా నుండెను. బయట చేరిన బాలిక పెరటివైపు వసారామూలను చాపమీద ముడుచుకొని పడుకొనెడిది. ఆమె కంచము వేరు, చెంబు వేరు. మగవారు అటువైపు తొంగియైన చూడరు. అమ్మమ్మ చెంచాడు మెంతులును మజ్జిగయు అందించి మ్రింగుమనును, వాముకషాయము కాచి పంపును, వేడి ఇటుకకు గుడ్డచుట్టి పొత్తికడుపునకు కాపడము పెట్టుకొమ్మనును. ఆమె దయకేమియు లోటు లేదు. కాని మెలికలు తిరిగిపోయిన పిల్ల నాల్గవనాడు తలంటుకొని ఇంటిలోనికి వచ్చునప్పటికి నొప్పి తగ్గియుండును. నొప్పియున్నప్పుడు చూచినవారు లేరు. చూచువారు వచ్చునప్పటికి నొప్పి లేదు. వైద్యునియొద్దకు పోవలసిన అవసరము తీరిపోయినట్లే యందరకును తోచును. పిమ్మట అందరు అను మాట యొకటే: పెండ్లయి ఒక కానుపు వచ్చిన అదే సర్దుకొనునని. ఈ మాట మన పెద్దమ్మల నోటినుండి మాత్రమే వచ్చినదనుకొనరాదు. బోస్టను నగరపు ప్రసిద్ధ శస్త్రవైద్యులు వైద్యపత్రికలలో అచ్చొత్తించిన సలహాయు ఇదియే.

మన ప్రాచీనవైద్యమున ఈ వ్యాధి కలదాయని యడుగువారుందురు. చరకసంహితలోని చికిత్సాస్థానమున ఇరువది యోనివ్యాపత్తులు చెప్పబడినవి. అందు ఉదావర్తిని యనుదానియందు వాయువు పైకి మరలుటచేత ఋతురక్తము మిక్కిలి బాధతో వెడలుననియు, వెడలినంతనే స్త్రీకి సుఖము కలుగుననియు లక్షణము చెప్పబడినది. పైకి మరలుట యను మాటను పట్టుకొని, సాంప్సన్ సిద్ధాంతము చరకునకు ముందే తెలియునని కొందరు వ్రాయుచున్నారు. నా కది సరియైన గౌరవముగా తోచదు. చరకుడు చెప్పినది వాయువునుగూర్చి, సాంప్సన్ చెప్పినది కణజాలమునుగూర్చి. రెండింటిని ముడివేసిన ఇద్దరికిని అన్యాయము. చరకునకు ఈయవలసిన గౌరవము వేరొకటి కలదు: ముట్టునొప్పిని స్త్రీస్వభావమని తోసివేయక, పేరుపెట్టి, లక్షణము చెప్పి, చికిత్సించదగిన వ్యాధులలో లెక్కించెను. అనంతరకాలపు వైద్యులు పలువురు ఆపాటియు చేయలేదు.

యూరోపునందు ఈ వ్యాధిచరిత్రను 17వ శతాబ్దపు జర్మను సిద్ధాంతగ్రంథములవరకు వెనుకకు లాగినవారు కలరు గాని, ఆ గ్రంథములను మరల విప్పిచూచిన చరిత్రకారులకు అందు తగిన ఆధారము కనబడలేదు. ఎక్కువమంది అంగీకరించు ఆరంభము 1860, వియన్నా నగరము, కార్ల్ రోకిటాన్‌స్కీ. వేలకొలది శవములను పరీక్షించి, వ్యాధులు అవయవములయందు విడిచిన జాడలను వర్ణించుటలో తన కాలమున సాటిలేనివాడని పేరుపొందిన ఆ పండితుడు, గర్భాశయపు గ్రంథులవంటివి గర్భాశయకండరములోను అండాశయములోను పెరిగియుండుటను వర్ణించెను. ఆయన వానిని కంతులలో చేర్చెను. నేటి ఎండోమెట్రియోసిస్ అదియేనా యని చరిత్రకారులింకను తర్కించుచునే యున్నారు. ఏదియెట్లున్నను, రోకిటాన్‌స్కీ ముందు పరుండినవారు శవములు. నొప్పి ఎప్పుడు వచ్చెడిదని అడుగుటకు వీలులేనిచోట, నెలతో ఆ గ్రంథులకున్న సంబంధము తెలియుటకు దారి లేదు.

తరువాతి మజిలీ బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి. కెనడాలో పుట్టి, అక్కడ చేరిన థామస్ కల్లెన్, దళసరియైన గర్భాశయములను పలుచని పొరలుగా కోసి, లోపొరనుండి బయలుదేరిన గ్రంథులు కండరపు పాయలనడుమ సందుచేసికొని ఎట్లు లోతునకు చొచ్చుకొనిపోయినవో పొరవెంట పొర అనుసరించిచూచి, ఆ గ్రంథులకు మూలము లోపొరయేయని నిరూపించెను. అంతకుముందు స్ట్రాస్‌బర్గులో రెక్లింగ్‌హౌజన్ ఇవి పిండదశయందలి శేషములనుండి పుట్టినవని వాదించియుండెను. కల్లెన్ 1908లో ప్రకటించిన గ్రంథమును తిరుగవేసినవారు వచనమున కంటె చిత్రములయొద్ద ఎక్కువసేపు ఆగుదురు. ఆ చిత్రములు హాప్కిన్స్ చిత్రకారులవి; లైప్జిగునుండి వచ్చి అక్కడ స్థిరపడిన మాక్స్ బ్రోడెల్ వారిలో ప్రముఖుడు. తడి మాంసపు మెరుపును, కండరపుపోగుల వంపును కాగితముమీదికి తెచ్చుటలో ఆయనకు ఆయనయే సాటి. బొడ్డునుండి నెలనెలకు నెత్తురొలుకు స్త్రీలనుగూర్చియు కల్లెన్ వ్రాసెను. ఆయనకు బొడ్డుమీదనే ఒక పెద్దగ్రంథము కలదు. 1899లో అదే ఆస్పత్రియందు విలియం రస్సెల్ ఒక స్త్రీ అండాశయమున గర్భాశయపు లోపొరను పోలిన కణజాలమును చూపెను. సాంప్సన్ చదివినదియు, శస్త్రవిద్య నేర్చినదియు అక్కడనే. కనుక ఆల్బనీకి పోవునప్పటికే ఆయన చేతియందు ఈ సామగ్రి యంతయు కలదు. లేనిది ఆ ఋతుదినమున చూచు తలంపొక్కటియే.

సాంప్సన్ మాటను వెంటనే అందరు నమ్మలేదు. బెర్లినులో రాబర్ట్ మేయరు, బాల్టిమోరులో ఎమిల్ నోవాక్ గట్టి ప్రతిపక్షులు. ఉదరకుహరమును కప్పు పొరయు, గర్భాశయపు లోపొరయు పిండమునందు ఒకే మూలమునుండి పుట్టినవి గనుక, ఆ కప్పుపొరయే ఏదో ప్రేరణచేత రూపము మార్చుకొని గర్భాశయపు పొరయగుచున్నదని ఒక పక్షము. వియన్నాలో హల్బాన్ 1924లో శోషరసనాళములగుండ తునుకలు ప్రాకిపోవునని వాదించెను. అన్నిటికంటె పదునైన ఆక్షేపణ ఒకటి కలదు: ముట్టునెత్తురుతో రాలిన కణజాలము చచ్చినది, చచ్చినది ఎట్లు నాటుకొనును? సాంప్సన్ ఈ ఆక్షేపణను తప్పించుకొనజూడలేదు. 1940లో తన సిద్ధాంతమును మరల సమీక్షించుచు, రాలిన తునుకలు ఎల్లప్పుడును మృతములేయని తేలినచో తన సిద్ధాంతముకూడ మృతమైనట్లేయని, దానిని పూడ్చి మరచిపోవలసినదేయని ఆయన స్వయముగా వ్రాసెను. పదునెనిమిది ఇరువది సంవత్సరములు పోరాడి నిలిపిన ఊహకు తానే మరణపరీక్ష నిర్ణయించి ప్రతిపక్షుల చేతికిచ్చిన ఈ ధైర్యము నాకు ఆయన కనుగొన్న విషయముకంటె తక్కువ మహత్తుగలదిగా తోచదు.

పరీక్షలు జరిగినవి. 1922లోనే జాకబ్సన్ అను వైద్యుడు కుందేళ్ళ గర్భాశయపు పొరను తీసి వాని ఉదరములోనే నాటి పెంచి చూపియుండెను. 1950 ప్రాంతమున హాప్కిన్స్‌లో టి లిండె, స్కాట్ అనువారు కోతుల గర్భాశయముఖమును మలచి ముట్టునెత్తురు ఉదరములోనికే పోవునట్లు చేయగా కొన్నిటికి వ్యాధి పుట్టెను. 1951లో కీటెల్, స్టైన్ రాలిన ముట్టుకణజాలమును గాజుపాత్రలో పెంచి అది బ్రతికియున్నదని నిరూపించిరి. ఇంతవరకు శాస్త్రచరిత్రను ఉత్సాహముతో చదువవచ్చును. 1958లో రిడ్లీ, ఎడ్వర్డ్స్ ప్రకటించిన పత్రముచెంత మాత్రము ఆగక తప్పదు. వారు శస్త్రచికిత్సకు ముందున్న స్త్రీలనుండి ముట్టుద్రవమును సేకరించి, వారి పొత్తికడుపు చర్మముక్రింది కొవ్వులోనికే సూదితో ఎక్కించి, నెలలు గడచినపిమ్మట శస్త్రచికిత్సలో ఆ భాగమును కోసి పరీక్షించిరి. తునుక నాటుకొని పెరుగగలదని మనుష్యశరీరమునందే రుజువయ్యెను. ఆ స్త్రీలు ఏమనుకొనిరో, వారికి ఏమని చెప్పిరో తెలిపినవారు లేరు. ఆ శరీరములే ఆధారముగా నిలిచిన వాక్యములు పాఠ్యగ్రంథములలో ఇంకను ఉన్నవి. ఆ శరీరముల పేర్లు లేవు.

సిద్ధాంతము నిలిచినది, కాని పూర్తిగా గెలువలేదు. 1984లో హాల్మే ప్రభృతులు, నాళములు తెరపియైన స్త్రీలలో నూటికి 90 మందికి ముట్టుకాలమున కొంత నెత్తురు లోనికి మరలుచునే యుండునని చూపిరి. అట్లయిన వ్యాధి అందరికి రాక పదిమందిలో ఒకరికే ఏల వచ్చుచున్నది? ప్రోస్టేట్ కాన్సరుకు దీర్ఘకాలము ఈస్ట్రోజెన్ అను స్త్రీహార్మోనుతో చికిత్స పొందిన కొలదిమంది పురుషులయందును ఈ కణజాలము కనబడినది, వారికి ముట్టెక్కడిది? రాలిన తునుకను తుడిచివేయవలసిన రక్షణకణములు కొందరియందు ఆ పని చేయకపోవుటయు, నాటుకొన్న మచ్చ తన ఈస్ట్రోజెనును తానే తయారుచేసికొనుటయు తరువాతి పరిశోధనలలో తెలిసివచ్చెను. ఓడిపోయిరనుకొన్న మేయరు, హల్బానులకు కూడ కొంతకొంత పాలు దక్కినది.

ఇక ఆ బోస్టను సలహా. జో విన్సెంట్ మీగ్స్ ప్రతిభావంతుడైన శస్త్రవైద్యుడు. 1930–40 దశకములలో ఆయన తన సొంత ఫీజురోగులలో ఈ వ్యాధి మెండుగాను, ధర్మవార్డులలోని పేదస్త్రీలలో కొలదిగాను కనబడుట గమనించెను. గమనిక నిజమే, దానినుండి తీసిన తీర్మానమే దారి తప్పినది. చదువుకొన్న సంపన్న స్త్రీలు ఆలస్యముగా పెండ్లాడి, ఆలస్యముగా బిడ్డలను కని, ప్రకృతి నియమమును తప్పుచుండుటచే వ్యాధి వచ్చుచున్నదని, చిన్నవయసున వివాహమును త్వరగా సంతానమును అందులకు నివారణయని ఆయన బోధించెను. గర్భము నిలిచిన నెలలలో ముట్టు ఆగును, కొందరికి బాధయు తగ్గును. కాని కానుపు పిదప మరల వచ్చినవారెందరో. ఉద్యోగము చేయు స్త్రీల రోగమను పేరు మాత్రము పాతుకొనిపోయెను. పొత్తికడుపు పట్టుకొని వచ్చిన యువతి వైద్యునియొద్ద తన జీవితమునకు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. సంతానము కలుగకుండుటకే వ్యాధి కారణమగుచుండగా, సంతానమే మందని వినవలసి వచ్చిన స్త్రీ దుఃఖమును ఏ పత్రమును నమోదు చేయలేదు.

మందులు కూడ ఆ నమ్మకపు నీడలోనే పుట్టెను. 1958లో బోస్టనులోనే రాబర్ట్ కిస్ట్నర్, హార్మోనులతో శరీరమును గర్భిణీస్థితికి సమీపముగా నిలుపు చికిత్సను ప్రవేశపెట్టెను. 1970లలో వచ్చిన డానజాల్ అందుకు విరుద్ధముగా ముట్టును అణచివేయునది. నొప్పి తగ్గించెను గాని, కొందరు స్త్రీల గొంతు బొంగురుపోయి, మోమున వెండ్రుకలు మొలచెను, ఆ గొంతు మరల మునుపటివలె కాలేదు. అటుపిమ్మటివి మెదడునుండి అండాశయమునకు పోవు ఆజ్ఞనే ఆపుచేయు మందులు. అవి ఎముకలను పలుచబరచును. ఏదియు వ్యాధిని వేరుతో పెరుకలేదు.

మీగ్స్ వార్డులలో పేదస్త్రీలకు వ్యాధి ఏల కనబడలేదను ప్రశ్నకు జవాబు 1976లో షికాగోనుండి వచ్చెను. డొనాల్డ్ చాట్మన్ నల్లజాతీయుడైన వైద్యుడు. నల్లస్త్రీలకు ఎండోమెట్రియోసిస్ రాదని పాఠ్యగ్రంథములు చెప్పుచుండెను; వారు పొత్తికడుపు నొప్పితో వచ్చిన, పురుషసంపర్కమువలన కలుగు క్రిములచే గర్భనాళములు వాచినవని వైద్యులు నిశ్చయించి, ఆ చికిత్సయే చేసి పంపుచుండిరి. ఒకే నొప్పి, ఒకే తావు. తెల్లని ఇల్లాలిదైన చదువుకు శిక్షయనియు, నల్లస్త్రీదైన నడతకు శిక్షయనియు తీర్పు వచ్చుచుండెను. చాట్మన్ అట్టి తీర్పుపొందిన స్త్రీలను ల్యాపరోస్కోపు అను చూపుగొట్టముతో చూచి, వారిలో ఐదవవంతుకు పైబడినవారికి ఉన్నది ఎండోమెట్రియోసిస్ అని ప్రకటించెను. అంతవరకు ఆ వ్యాధి వారిలో లేకపోలేదు. ఉన్నదని వెదకినవాడు లేడు. వైద్యచరిత్రలు సాంప్సనుకు పుటలకొలది ఇచ్చి ఈ చిన్న పత్రమునకు ఒక వాక్యమిచ్చి సరిపెట్టుట నాకు న్యాయముగా తోచదు.

చాట్మన్ చేతిలోని ల్యాపరోస్కోపునకు రెండవ ప్రపంచయుద్ధకాలపు పారిసులో రౌల్ పామర్ స్త్రీవైద్యమున ప్రచారము తెచ్చెను. 1967లో ఇంగ్లండునందు పాట్రిక్ స్టెప్టో వ్రాసిన గ్రంథము దానిని నలుగురి చేతులకు అందించెను. బొడ్డుయొద్ద చిన్న గంటుపెట్టి, లోనికి వాయువునింపి, సన్నని గొట్టముతో ఉదరమంతయు చూచు వీలు కలుగుటతో, పెద్దకోత కోసినగాని తెలియని వ్యాధి చిన్నకోతతో తెలియజొచ్చెను. డొనాల్డ్ గోల్డ్‌స్టైన్ బోస్టనులో, మందులకు లొంగని పొత్తికడుపు నొప్పిగల కన్నెపిల్లలలో సగమునకు దరిదాపుగా వ్యాధి యుండుట 1980లో చూపెను. ముప్పదియేండ్ల స్త్రీల రోగమన్న మాట దానితో పోయెను. అయితే గొట్టము మంచిదైనంతమాత్రాన చూపు మంచిది కాదు. శస్త్రవైద్యులు బహుకాలము నల్లని, తుపాకిమందు మసివంటి మచ్చలనే వెదకుచుండిరి. 1986లో సిడ్నీనుండి జాన్సెన్, రస్సెల్ అనువారు తెల్లని మచ్చలు, ఎఱ్ఱని నిప్పురవ్వలవంటివి, నీటిబుడగలవలె పారదర్శకమైనవి కూడ ఆ వ్యాధియేయని కణపరీక్షచే రుజువుచేసిరి. అంతకుముందు గొట్టము పెట్టి చూచి, నీ కేమియు లేదు, నొప్పి నీ మనసులోనిదని చెప్పి పంపబడిన స్త్రీలందరిని తలచుకొన్న మనస్సు కలతచెందును.

స్త్రీలు తమ నొప్పిని తామే లెక్కపెట్టుకొనుట 1980లో మిల్వాకీ పట్టణమున మొదలయ్యెను. మేరీ లూ బాల్వెగ్, కరొలిన్ కీత్ స్థాపించిన సంఘము వ్యాధిగ్రస్తుల లేఖలను, ప్రశ్నపత్రములకు వారిచ్చిన జవాబులను కూర్చి, ఏ ఆస్పత్రియందును లేని సమాచారమును నిలువచేసెను. నొప్పి ఏ వయసున మొదలైనది, ఎందరు వైద్యులు నమ్మలేదు అనునవి అందుండి బయటపడెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున లిండా గ్రిఫిత్, తానే ఈ వ్యాధితో దశాబ్దములు బాధపడిన ఇంజనీరు, 2009లో స్త్రీరోగ పరిశోధనకేంద్రమును నెలకొల్పెను. న్యూయార్కులోని ఫైన్‌స్టైన్ సంస్థయందు క్రిస్టీన్ మెట్జ్, పీటర్ గ్రెగర్సెన్ స్త్రీలు తమ యిండ్లనుండి పంపు ముట్టునెత్తురునే పరీక్షించి, కోత లేకయే వ్యాధిని గుర్తించు ఉపాయమును వెదకుచున్నారు. మన యిండ్లలో మూలకు నెట్టబడిన ఆ పదార్థము పరిశోధనశాలలో శ్రద్ధతో దాచదగిన వస్తువయ్యెను.

ప్రపంచారోగ్యసంస్థ అంచనానుబట్టి ప్రసవయోగ్యవయస్కలలో నూటికి పదిమంది, అనగా 19 కోట్ల స్త్రీలు ఈ వ్యాధిగ్రస్తలు. 2023లో ఆక్స్‌ఫర్డు పరిశోధకుల నాయకత్వమున 60,674 మంది వ్యాధిగ్రస్తల జన్యువులను, వ్యాధిలేని 7,01,926 మంది జన్యువులతో పోల్చిన అధ్యయనము వ్యాధితో సంబంధముగల 42 స్థానములను గుర్తించెను. వానిలో కొన్ని నొప్పిని గ్రహించుటకు, నిలుపుకొనుటకు సంబంధించినవి. పార్శ్వపునొప్పికి, నడుమునొప్పికి, ఈ వ్యాధికి జన్యుమూలములు కొంత కలసియున్నవి. మచ్చ చిన్నదైనను నొప్పి పెద్దదేల యని శస్త్రవైద్యులు వేసిన పాత ప్రశ్నకు ఇందు తొలి జవాబు కలదు.

లక్షణములు మొదలైన పిదప వ్యాధిపేరు తెలియుటకు ఏడెనిమిదేండ్లు పట్టుట నేటికిని పెక్కుదేశములలో సామాన్యము. నడుమ ఎన్ని పరీక్షలు తప్పినవో, ఎన్ని ఉద్యోగములు పోయినవో ఆ సంఖ్య చెప్పదు. ఇంత ఆలస్యమునకు ఒక కారణము కోతకోసి చూచినగాని వ్యాధియని ఒప్పుకొనని నియమము. యూరోపియను పునరుత్పత్తి వైద్యసంఘము 2022లో ప్రకటించిన మార్గదర్శకము ఆ నియమమును సడలించెను. ల్యాపరోస్కోపు ఇక తప్పనిసరి తుదిప్రమాణము కాదు. అల్ట్రాసౌండు, ఎమ్మారై చిత్రములలో ఏమియు కనబడకపోయినను వ్యాధి లేదని తేల్చరాదు. నెలనెలకు వచ్చు నొప్పినిగూర్చి స్త్రీ చెప్పిన వృత్తాంతమునుబట్టి, శస్త్రచికిత్సకై వేచియుండక, మందు ప్రారంభింపవచ్చును.